అమ్మ పోయిన పేజీ నుంచి

నల్లబండపల్లి,
14 జూలై 2002

తమ్ముడు తిప్పేస్వామికి,

నీ ఉత్తరం అందింది. మరదలు ప్రసూనకు జ్వరం తగ్గిందన్నావు, మనసు కుదుటపడింది. ఆశ్రిత గీసి పంపిన ఇంటి బొమ్మను దేవుడి గూట్లో పెట్టాను. ఇంటికి తలుపు పెట్టడం మరిచిపోయిందని మీ బావ నవ్వాడు. వానలు పడే ఊళ్లో పిల్ల కదా, తలుపు మూసేసుకుని ఉంటుందిలే అన్నాను.

ఇక్కడి సంగతులు. ఈ నెల మూడున 4 మిల్లీమీటర్లు, తొమ్మిదిన 2. అంతే. నువ్వు కాఫీ తోటలో పాతది అడిగి తెచ్చి మా పెరట్లో బిగించిన వానకొలత డబ్బాకు జూన్‌తో ఆరేళ్లు నిండాయి. పొద్దున ఎనిమిదిన్నరకు చూసి పుస్తకంలో రాయడం ఒక్కరోజు తప్పలేదు. వాన లేని రోజూ సున్నా వేస్తాను. ఇంట్లో ఏ విశేషం జరిగినా సున్నా పక్కనే ఒక ముక్క రాస్తాను. మీ బావ ఊరుకోడు. "రాని సుట్టానికి దినామూ ఇస్తరాకు ఏస్తాండాది సూడు" అంటాడు.

అమ్మ మాత్రం ఎప్పుడూ నవ్వలేదు. మంచం మీది నుంచే "ఎంత పడిండాది మే?" అని అడిగేది. ఇప్పటికీ డబ్బా చూసి వెనక్కి తిరిగినప్పుడు జవాబు చెప్పబోతాను.

శెనక్కాయలు వలిచి పెట్టుకున్నాం. పదును వాన, అంటే విత్తే గొర్రు దిగేటంత లోతుకు నేల తడిసే వాన, ఒక్కటి పడితే విత్తేస్తాం. అమ్మ పోయినాక అలాంటిది ఒక్కటీ పడలేదు. నిన్న ట్యాంకరు దగ్గర బిందెల వరసలో పక్కింటి మారెక్క ఆ మాటే అంది. అమ్మను పూడ్చిన రోజు ఎర్రప్ప మామ ఏమన్నాడో నీకు గుర్తుండే ఉంటుంది. "బొల్లి వచ్చిన మనిసిని పూడ్సకూడదప్పా, కాలస్తారు. ఆ తెలుపు నేలకి తగిల్తే మేగం దిగదు." నాయన స్నేహితుడని కూడా చూడకుండా నువ్వు ఎదురు తిరిగావు. "అమ్మకి నాయన పక్కన పడుకోవాలని ఉండాది. పడుకుంటాది" అన్నావు. చేలో వేపచెట్టు కింద, నాయన పక్కనే పెట్టాం. ఆ రోజు నిన్ను చూసి గర్వపడ్డాను.

మారెక్క చెడ్డగా ఏమీ అనలేదు. ఊరికే గుర్తు చేసింది.

మీ అక్క,
హేమావతి


కాఫీ తోట, మడికేరి దగ్గర,
2 ఆగస్టు 2002

అక్కా,

నీ 4 మిల్లీమీటర్లు చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నిన్న ఒక్కరోజే మా డబ్బాలో 212. సగం పార్సిల్ కట్టి పంపమంటావా?

పద్నాలుగు రోజులుగా ఆగలేదు. బట్టలు బొగ్గుల కుంపటి మీద గంప బోర్లించి ఆరబెడుతున్నాం. అమ్మ ఫొటో మీద బూజు పట్టింది, ప్రసూన రోజూ తుడుస్తుంది. కాళ్లకు జలగలు. ఇక్కడివాళ్లు వాన ఆగాలని పూజ చేయిస్తున్నారు! నేను తోట లెక్కలు రాసే రైటరుగా చేరిన కొత్తలో ఆ పూజ చూసి నమ్మలేకపోయాను. మనం వాన కోసం బండ మీద గంజి పోసి నాకిన వాళ్లం కదా.

ఎర్రప్ప మామ మాట పట్టించుకోకు. సముద్రం మీది మబ్బులు ముందు ఈ కొండలకు తగులుతాయి. ఉన్నదంతా ఇక్కడే కురుస్తాయి. కొండ దాటి మీ వైపు వచ్చేది ఉత్త గాలి. మీ వాన తాగుతున్నది మా కొండలు, అమ్మ కాదు. ఆ మాట చెప్పు వాళ్లకు.

బావను అడిగానని చెప్పు.

నీ తమ్ముడు,
తిప్పేస్వామి


నల్లబండపల్లి,
25 అక్టోబరు 2002

తమ్ముడూ,

జవాబు ఆలస్యమైంది. రాయడానికి కూర్చుంటే రాయాల్సింది ఏదీ మంచిది కాదు. అందుకని లేచిపోతూ వచ్చాను.

ఆగస్టు పన్నెండున 17 పడింది. చాలదని మీ బావకు తెలుసు. అయినా విత్తాడు. మొలిచింది. నెలాఖరున ఒక 6 తప్ప, నలభై రోజులు గాలే. గాలి ఎట్లా ఉంటుందో నువ్వు మరిచిపోయి ఉంటావు. చెవిలో దూరి మనిషిని ఇంకో ఆలోచన చేయనివ్వదు. సెప్టెంబరు ఆఖరుకు చెట్లు పీకి చూస్తే కాయకు ముందు నేలలోకి దిగే ఊడ పట్టిందే కానీ కాయ లేదు. చేలోకి పశువులను తోలాం.

గుళ్లో వాన కోసం విరాటపర్వం చదివించారు. కప్పను కట్టి ఊరేగించారు, మారెక్క దాని మీద నీళ్లు పోసింది. ఆ చెంబు నీళ్ల కోసం ఆమె పొద్దున రెండు గంటలు వరసలో నిలబడింది. తర్వాత పెన్న అవతల నుంచి సోది చెప్పే ఆమెను పిలిపించారు. ఆమె కళ్లు మూసుకుని చాలాసేపు ఉండి, "తెల్లది ఒకటి మట్లో ఉండాది, పైకి సూస్తాండాది" అంది. ఎవరూ నా వైపు తిరగలేదు. అందరూ ఒకేసారి తిరగకుండా ఉండటం నేను గమనించాను.

నువ్వు రాసిన కొండల సంగతి ఎర్రప్ప మామకు చెప్పాను. నిదానంగా విన్నాడు. "అయితే మన వాన యాడ పడతాందో ఆడ కూసోని నీ తమ్ముడు మనకి బుద్ది సెప్తాండాడు" అన్నాడు. అందరూ నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది, ఏం చేయను. పార్సిల్ మాట మీ బావకు చదివి వినిపించలేదు.

నువ్వు తప్పు చెప్పావని కాదు. నువ్వు చెప్పింది నేను ఇంట్లో కూర్చుని చదివితే నిజంగానే ఉంటుంది. చేలో నిలబడితే ఒక్క మాటా గుర్తుకు రాదు.

హేమావతి


కాఫీ తోట,
18 నవంబరు 2002

అక్కా,

సోది చెప్పే మనిషి మాట నువ్వు నాకు ఉత్తరంలో రాయడమేమిటి? పదో తరగతి పాసైన దానివి. అమ్మకు బొల్లి ముప్పై ఏళ్లు ఉంది. ఆ ముప్పై ఏళ్లలో వానలు పడలేదా? బతికున్నప్పుడు ఆ చేత్తో విత్తనం వేస్తే మొలిచింది కదా. చచ్చిపోయినాక పాపమైందా?

నీ దగ్గర ఆయుధం ఉంది. ఆరేళ్ల పుస్తకం. రచ్చకట్ట దగ్గర అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించు. లెక్క ముందు ఎవరూ నిలబడలేరు.

పార్సిల్ మాట తమాషాకు రాశాను. తప్పే.

తిప్పేస్వామి


నల్లబండపల్లి,
20 డిసెంబరు 2002

తమ్ముడూ,

నువ్వు చెప్పినట్లే చేశాను.

పోయిన ఆదివారం పొద్దున పుస్తకం తీసుకుని రచ్చకట్టకు పోయాను. ఆడవాళ్లం అక్కడ కూర్చోం, పక్కన నిలబడ్డాను. అరవై మంది దాకా వచ్చారు. మొదటి పేజీ తిప్పి "1996 జూన్ 11..." అని మొదలు పెట్టాను. ఎర్రప్ప మామ చెయ్యి అడ్డం పెట్టాడు.

"అవన్నీ మాకెందుకు మే, అవి మేము బతికిన్యే కదా. మీ యమ్మ పోయినప్పట్నుంచి సదువు."

పేజీలు తిప్పాను. "19 నవంబరు 2001. 0. అమ్మ పోయింది." అని నా చేతిరాతే ఉంది. అక్కడి నుంచి చదివాను. సున్నా, సున్నా, సున్నా. తేదీ చెప్పడం, సున్నా అనడం. మొదట కొందరు దగ్గారు, కదిలారు. జనవరి అయ్యేసరికి ఎవరూ కదల్లేదు. నా గొంతు నాకే వేరే ఎవరిదో మాదిరి వినిపించింది. మే దాకా చదివి ఆపాను. మారెక్క కొంగు నోట్లో కుక్కుకుంది.

"మేము అనుకున్నెం. ఈయమ్మ రాసి పెట్టిండాది" అన్నాడు ఎర్రప్ప మామ. కోపంగా కాదు, నన్ను మెచ్చుకున్నట్లు అన్నాడు.

ఇంటికి వచ్చాక వెనక పేజీలు చూశాను. 1999లో అమ్మ బతికి ఉండగా వరసగా నూట పన్నెండు సున్నాలు ఉన్నాయి. అది చదవాల్సింది. అక్కడ గుర్తు రాలేదని రాస్తే నువ్వు నమ్ముతావు. కానీ గుర్తు వచ్చింది. అంతమంది అంత నిశ్శబ్దంగా ఒక కారణం దొరికినట్లు కూర్చుంటే, పేజీ వెనక్కి తిప్పడానికి చెయ్యి రాలేదు.

హేమావతి


కాఫీ తోట,
1 ఫిబ్రవరి 2003

అక్కకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నువ్వు వాళ్లకు సాక్ష్యం చెప్పి వచ్చావని అర్థమైంది. నువ్వే నమ్ముతున్నావు. నమ్మకపోతే చెయ్యి ఎందుకు రాదు?

ఇక ఈ విషయం నాకు రాయకు. నీతో గొడవ పడి నేను ఇక్కడ ఏ పనీ చేసుకోలేకపోతున్నాను.

తిప్పేస్వామి


నల్లబండపల్లి,
5 జూలై 2003

తమ్ముడూ,

ఐదు నెలలైంది. నువ్వు వద్దన్న మాట ఎత్తను. ఒక చిన్న విషయం అడగాలి, అది ఇద్దరిదీ కాబట్టి.

ఎద్దులు రెండూ పోయిన నెల సంతకు పోయాయి. మిగిలింది నాలుగు మేకలు. మేత ఎక్కడా లేదు. మన చేలో అమ్మ తల దగ్గర వేపచెట్టు ఒక్కటే కాస్త పచ్చగా ఉంది. కొమ్మలు కొట్టి వేద్దామంటాడు మీ బావ. నాయన నాటిన చెట్టు, అమ్మకు నీడ. నీకు చెప్పకుండా కత్తి పెట్టడం నాకు ఇష్టం లేదు. నీ మాట చెబితే అట్లా చేస్తాను.

మారెక్క కొడుకు, కోడలు బెంగళూరుకు మేస్త్రీ పనికి పోయారు. ఆమె ఒక్కతే ఉంది. సాయంత్రాలు మా అరుగు మీదకు వచ్చి కూర్చుంటుంది. ఇద్దరమూ పడమర చూస్తూ ఉంటాం.

ఆశ్రిత బడికి పోతోందా? ఇంకో బొమ్మ పంపమను. ఈసారి తలుపు పెట్టకపోయినా ఏమీ అనం.

హేమావతి


(కార్డు)
కాఫీ తోట,
28 జూలై 2003

అక్కా,

కార్డు ముక్క రాస్తున్నానని అనుకోవద్దు, తీరిక లేదు. పై తోటలో కొండ చరియ జారి కూలీల లైను ఇళ్లు కొట్టుకుపోయాయి. ఇద్దరు పోయారు. అమ్మవారికి విడిచిన వనం, బనం అంటారు, ఆ చెట్లు నరికి జీపు రోడ్డు వేసినందుకే ఇట్లా అయిందని కూలీలు పనిలోకి దిగలేదు. చివరికి నేనే కొబ్బరికాయలు తెచ్చి కొట్టాను. మనుషులు స్థిమితపడ్డారు, అదే కావాలి కదా. ఫోను పని చేయడం లేదు.

నువ్వు అడిగినదానికి. అమ్మ దగ్గర ఏం చేయాలన్నా నీ ఇష్టమే. నాకు సమ్మతమే. నా కోసం ఆగొద్దు.

తిప్పేస్వామి


నల్లబండపల్లి,
1 ఆగస్టు 2003

తమ్ముడూ,

నువ్వు వద్దన్నా రాయక తప్పదు. కోప్పడినా సరే, ఈ ఉత్తరం అందిన రోజే బయలుదేరు.

నిన్న పెద్దలు మా ఇంటికి వచ్చారు. జూన్, జూలై కలిపి డబ్బాలో 21. ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు పడ్డాయి. అమ్మను తీసి కాల్చాలని తీర్మానం చేసుకుని వచ్చారు. మీ బావ చేతులు కట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నేను గట్టిగా వద్దన్నాను. "మా తమ్ముడు ఒప్పుకోడు" అన్నాను. నా మాటగా చెబితే నిలబడదని నీ మాటగా చెప్పాను.

ఎర్రప్ప మామ "సరే మే" అన్నాడు. "కొడుకు మాట లేకుండా తల్లిని కదిలించేంత కానోళ్లం కాదు మేము. రాయి నీ తమ్మునికి. శ్రావణమాసం కడాకు అమాస దాకా సూస్తాం. వద్దంటే వచ్చి మా మొగం సూసి వద్దనమను, పారలు ఆడనే పడేసి పోతాం."

ఆయన మాట తప్పే మనిషి కాదు, అది నీకూ తెలుసు. నువ్వు వచ్చి ఎదురుగా నిలబడితే చాలు. ఆయన ఇంటి ఫోను నుంచే మూడుసార్లు చేయించాను, మీ తోట లైను మోగడం లేదు. అమావాస్య ఆగస్టు 27. ఇరవై ఆరు రోజులు ఉన్నాయి.

రా.

హేమావతి


కాఫీ తోట,
2 సెప్టెంబరు 2003

అక్కా,

ఆగస్టు ఒకటిన రాసిన నీ ఉత్తరం ఈ రోజు చేతికి వచ్చింది. ఘాట్ రోడ్డు తెగిపోయి నెల రోజులు టపా సంచులు కింద టౌన్లోనే ఉండిపోయాయి. తడిసి, అంటుకుపోయి వచ్చింది. 27 అన్న అంకె మాత్రం బాగా కనబడింది.

ఎట్లా ఆపావో రాయి. ఆపి ఉంటావు. నా మాట లేకుండా ఎర్రప్ప మామ పార ఎత్తడు, నేను ఏ మాటా ఇవ్వలేదు. ఆ నమ్మకంతోనే ఈ పొద్దంతా ఉన్నాను. వారంలో బస్సులు మొదలవుతాయంటున్నారు. మొదటి బస్సుకే వస్తాను.

ప్రసూన ఏడుస్తోంది. నేను అమ్మ ఫొటో దించి బూజు తుడిచాను. ఇప్పటిదాకా ఒక్కసారి కూడా నేను తుడవలేదు.

నీ తమ్ముడు,
తిప్పేస్వామి


నల్లబండపల్లి,
11 సెప్టెంబరు 2003

తమ్ముడూ,

నీ ఉత్తరం నిన్న అందింది. జరిగింది జరిగిన వరసలో రాస్తాను. మధ్యలో ఆపి లేచిపోతే మళ్లీ రాయలేను.

నీ కార్డు ఆగస్టు తొమ్మిదిన వచ్చింది. కార్డు కదా, నా చేతికి రాకముందే ఎర్రప్ప మామ అరుగు మీద పది మంది చదివారు. నన్ను పిలిపించారు. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని నాకే చదివి వినిపించాడు. "అమ్మ దగ్గర ఏం చేయాలన్నా నీ ఇష్టమే. నాకు సమ్మతమే." కార్డును ముఖానికి ఆనించుకున్నాడు. "సూసినావా మే నీ తమ్ముణ్ని! నువ్వేమో ఒప్పుకోడంటివి. సదువుకున్నోడు అంటే వాడు. ఆడ కొండ యిరిగి పడితే టెంకాయ కొట్టిండాడు, ఈడి బాద వానికి తెలీదా?" అన్నాడు.

కార్డు నా చేతికి ఇచ్చాడు. నేను మొదట చూసింది తేదీ. జూలై 28. నేను నీకు ఆ మాట రాసింది ఆగస్టు ఒకటిన. నువ్వు సమ్మతించింది మేకలకు కొమ్మలు కొట్టడానికి. అరుగు మీద ఉన్నవాళ్లలో ఆ సంగతి తెలిసింది నా ఒక్కదానికే.

నోరు తెరిచాను. నిజంగా తెరిచాను. ఎదురుగా మారెక్క కూర్చుని ఉంది. మనిషి సగమైంది. ఆమె నా మోకాలి మీద చెయ్యి వేసి మెల్లగా అంది, "మీ యమ్మే బతికుంటే ఈ ఊరి కోసం తనే లేసి వచ్చును హేమా."

వచ్చేది తమ్ముడూ. అమ్మ సంగతి నీకు తెలియదా? లేచి వచ్చేది, కట్టెలు కూడా తనే మోసుకునేది.

నోరు మూసుకున్నాను. కార్డు మడిచి కొంగులో కట్టుకున్నాను. "మీ ఇష్టం మామా" అన్నాను.

నువ్వు ఫిబ్రవరిలో అడిగావు, నమ్మకపోతే చెయ్యి ఎందుకు రాదని. అప్పుడు జవాబు రాయలేదు. నమ్మలేదు. ఆ అరుగు మీద కూడా నమ్మలేదు. కానీ ఆ నిమిషంలో నాకు అమ్మ కంటే వాన ఎక్కువ కావాలనిపించింది. పద్దెనిమిది రోజుల తర్వాతా అట్లే అనిపించింది. మధ్యలో ఏ రోజైనా పోయి, ఆ కార్డు దీని గురించి కాదని చెప్పి ఉండొచ్చు. రోజూ డబ్బా చూసి సున్నా వేసి, రేపు చెబుదాం అనుకున్నాను.

అమావాస్య నాడు పట్టపగలే తవ్వారు. నాయనకు తగలకుండా తవ్వమని మీ బావ తాడు పట్టి గీత గీశాడు, ఆ రోజంతా ఆయన చేసిన పని అదొక్కటే. నిలువెత్తు లోతు తవ్వినా మట్టిలో తడి లేదు. అడుగున కూడా దుమ్మే లేచింది. నువ్వు కప్పిన పసుపు గుడ్డ అంచు మొదట కనబడింది. తర్వాత గాజు ముక్కలు, నాయన పోయినా అమ్మ తీయని ఆకుపచ్చవి.

ఎముకల మీద మచ్చ లేదు తమ్ముడూ. ఎక్కడా లేదు. అందరూ వంగి చూశారు. గుంటలో ఉన్న ఒక ఆయన తల ఎత్తి, "ఇదేందప్పా, అందరి మాదిరే ఉండాదే" అన్నాడు. ఎర్రప్ప మామ తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఆ నిమిషంలో ఎవరైనా మూసేద్దాం అని ఉంటే మూసేసేవాళ్లే. అనగలిగింది నేనే.

కట్టెలకు ఆ వేపచెట్టునే కొట్టారు. నువ్వు సమ్మతించింది ఆ చెట్టుకే కదా. కొడుకు రాలేదు, మాట పంపాడు కాబట్టి కూతురి చెయ్యి చాలన్నారు. నిప్పు నేనే పెట్టాను. పచ్చి కట్టె. చాలాసేపు పొగే వచ్చింది, మంట రాలేదు. అందరం ఆ పొగ పైకి పోవడమే చూస్తూ నిలబడ్డాం. మబ్బు అవుతుందేమో అన్నట్లు.

ఆగస్టు 30 సాయంత్రం వాన పడింది. ఎర్రప్ప మామ చెప్పులు కూడా వేసుకోకుండా వానలో మా ఇంటికి వచ్చి, చేతులెత్తి "అమ్మా రామలక్ష్మమ్మా" అని అమ్మ పేరు పిలిచాడు. ఏడుస్తున్నాడు. మారెక్క వీధిలో నిలబడి తడిసింది. నేనూ పెరట్లో నిలబడ్డాను. నాకు సంతోషమైంది. ఇది రాయకపోతే ఈ ఉత్తరం అబద్ధమవుతుంది, అందుకే రాస్తున్నాను. అమ్మకు చెప్పినట్లు గట్టిగా, "పడిండాదమ్మా" అన్నాను.

మర్నాడు పొద్దున డబ్బాలో 11. పదును కాదు. గొర్రు మొన కూడా దిగదు. వెనక పేజీలన్నీ తిప్పి చూశాను. ఆగస్టు ఆఖరు వారంలో ప్రతి ఏడూ ఎంతో కొంత పడింది. 1997లో 9. 2000లో 14. అమ్మ పోయినాక, పోయిన ఏడు కూడా 6. ఇదంతా ఆ సాయంత్రానికి ముందు కూడా నా పుస్తకంలోనే ఉంది.

ఆ తర్వాత ఈ రోజు దాకా సున్నా.

నిన్ను తప్పు పట్టను. నువ్వు అక్కడ టెంకాయ కొట్టావు, మేము ఇక్కడ కట్టె పేర్చాం. నీ కొండ ఇంకో ఇద్దరిని మింగి ఉంటే నువ్వు టెంకాయతో ఆగేవాడివా? నాకు తెలియదు. నేను అక్కడ బొగ్గుల కుంపటి దగ్గర బట్టలు ఆరబెట్టుకుంటూ ఈ ఉత్తరం చదివి ఉంటే, రాసినదాన్ని మనిషి కాదనేదాన్ని. నువ్వు నన్ను అట్లా అనుకుంటే అనుకో.

ఇంకొకటి ఉంది. ఉగాది నాడు గాజులు వేసుకుంటుంటే ఎడమ మణికట్టు మీద తెల్లటి చుక్క కనబడింది. ఇప్పుడు శెనక్కాయ పప్పంత ఉంది. రెండు డజన్ల గాజుల కింద దాచుకుంటున్నాను. మొన్న ట్యాంకరు దగ్గర బిందె ఎత్తుతుంటే గాజులు పైకి జారాయి. మారెక్క చూసింది. ఎప్పుడూ బిందె అందుకునేది, ఆ రోజు అందుకోలేదు. నిన్న సాయంత్రం అరుగు మీదకు రాలేదు.

నేను పోతే పూడ్చొద్దు, కాల్చమని మీ బావకు చెప్పాను. "ఊరుకో" అన్నాడు. నా మొహం వైపు చూసి అన్నాడు, చేతి వైపు చూడలేదు.

ఈ రోజు పొద్దున ఎర్రప్ప మామ మనిషిని పంపాడు. పుస్తకం ఒకసారి ఇమ్మన్నాడట, ఏదో తేదీ చూడాలని. రేపు తెస్తానని చెప్పాను. అన్నీ రాసే అలవాటు నాది, ఊరందరికీ తెలుసు. ఏప్రిల్ 2, ఉగాది పేజీలో సున్నా పక్కన ఆ చుక్క సంగతి కూడా రాసి పెట్టాను.

అందుకని ఏడేళ్ల పుస్తకాన్ని గుడ్డలో కట్టి ఇప్పుడే మీ బావ చేత పామిడి పోస్టాఫీసుకు పంపుతున్నాను. నువ్వు బస్సు ఎక్కొద్దు. ఇక్కడ నువ్వు నిలబడి ఆపాల్సింది ఇప్పుడు ఏమీ లేదు. పుస్తకం తడవని చోట పెట్టు, మీ దగ్గర అది కష్టమని తెలుసు. ఆశ్రిత పెద్దదయ్యాక అడిగితే చదివి వినిపించు.

మొదటి పేజీ నుంచి చదువు.

అక్క